కుడి చెంప కచేరీ

ఫిడేలు పిన్ని మొహం ఎలా ఉంటుందో చెప్పమంటే ఆ ఊళ్ళో సంగీతం వినేవాళ్ళలో సగం మంది నీళ్ళు నములుతారు. కుడి చెంప గురించి అడగండి, గడగడా అప్పజెబుతారు. చెవి కింద పుట్టుమచ్చ ఉందని, కమాను జోరుగా లాగేటప్పుడు దవడ బిగుస్తుందని, ఒక జుట్టుపాయ ఎంత దోపినా చెవి వెనక నిలవదని చెబుతారు. ఎడమ చెంప సంగతి మాత్రం ఆ దేవుడికీ, వాళ్ళక్కకీ తెలియాలి.

ఎందుకంటే వాళ్ళక్క గాయని. అల్లాటప్పా గాయని కాదు, హాలు నింపే గాయని. వేదిక మధ్యలో అక్క జనానికి ఎదురుగా కూచుంటే, చెల్లెలు ఆవిడకి కుడిపక్కన, ఆవిడ వైపే తిరిగి మఠం వేసుకుని కూచునేది. ఫిడేలు తల కుడి పాదం మీద, రెండో కొస ఎడమ భుజం దగ్గర, కళ్ళు అక్క నోటి మీద. జనానికి మిగిలేది ఆ ఒక్క చెంపే. రెండు జడలు వేసుకునే వయసులో మొదలైన ఈ వరస, జుట్టుకి రంగు వేసుకునే వయసు వచ్చినా మారలేదు.

పిన్ని అనే పిలుపు అక్క కూతురిది. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఉద్యోగానికి వెళ్ళిపోయింది కానీ, పిలుపుని వీధికి వదిలేసి వెళ్ళింది. పిన్నికి తండ్రి వయసున్న ఇస్త్రీ దుకాణం పెద్దాయన కూడా ఇప్పుడు, "ఏం పిన్నిగారూ, కచేరీ చీర రేపటికి కావాలా?" అని అడుగుతాడు.

పక్కవాద్యం అంటే చాలామందికి చులకన. అక్క ఒక వరస పాడుతుంది, చెల్లెలు అర శ్వాస వెనకగా దాన్ని అందుకుని నడుస్తుంది, అక్క ఆగితే ఆ వరసనే తీగల మీద తిరిగి పలికిస్తుంది, ఇందులో ఏముంది అంటారు. అంతే అయితే నేనూ వాయిద్దును! అక్క ఎటు మలుపు తిరగబోతోందో అక్క కంటే ముందే తెలియాలి. తెలిసి కూడా ఆగాలి. ముందు పలికితే గాయనిని తోసేసినట్టు, మరీ వెనకబడితే కొంగు పట్టుకుని వేలాడినట్టు. ఆ అర శ్వాస ఆగడమే అసలు విద్య, దానికే పిన్ని జీవితమంతా పట్టింది.

అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. చెల్లెల్ని పరాయివాళ్ళు ఒక్క మాటంటే ఊరుకోదు. ఆ మాటలన్నీ తనే అనాలి. "ఒసేయ్, నువ్వు లేకపోయినా నేను పాడతానే. నేను లేకపోతే నువ్వు దేన్ని పట్టుకుని వాయిస్తావే?" అని నవ్వుతూ అనేది. పిన్నీ నవ్వేది. నిజమే కాబోలని లోపల అనుకునేది కూడా.

అలాంటి అక్క గొంతుకి జబ్బు చేసింది. డాక్టరు లైటు వేసి చూసి, లోపల కాయలు లేచాయనీ, మూడు నెలలు పాట సంగతి దేవుడెరుగు, అసలు మాటే వద్దనీ చెప్పాడు. ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడింది. బావ కూడా దిగులుపడ్డాడు కానీ, ఆయనకి ఒక్క సుఖం లేకపోలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా చెప్పగలిగాడు.

నోరు కట్టేస్తే అక్క చేతులు విప్పింది. ఒక చప్పట కొడితే మంచినీళ్ళు, రెండు కొడితే ఫ్యాను, తాళం మార్చి గబగబా కొడితే "మీకు బుద్ధి లేదు" అని. ఈ మూడోదే ఇంట్లో ఎక్కువగా వినబడేది.

పిన్నికి మాత్రం పొద్దు గడవడం లేదు. ఫిడేలు తీసి కూచుంటే కళ్ళు ఎదురుగా ఉన్న ఖాళీ చాప మీదికి పోతాయి. అక్కడ పాడేవాళ్ళెవరూ ఉండరు. ఎత్తిన కమాను ఎత్తినట్టే ఉండిపోతుంది. కాసేపు చూసి, ఫిడేలుని పెట్టెలో పెట్టేసి, పని లేకపోయినా ఏదో కొనుక్కొస్తానని బజారుకి బయల్దేరేది.

అలా ఓ మధ్యాహ్నం బేకరీకి వెళ్ళింది. రొట్టెలు అయిపోయాయి. గల్లా దగ్గర ఎవరూ లేరు. లోపలి గదిలోంచి అకార్డియన్ వినిపిస్తోంది. తిత్తిని సాగదీసి మూస్తూ, మెట్లు నొక్కుతూ ఎవరో వాయిస్తున్నారు. పాట పిన్నికి కొత్త. అయినా ఆవిడ కుడి చెయ్యి ఆవిడని అడక్కుండానే తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు అక్షరాల నడక, ఒక్కచోట కూడా తప్పడం లేదు.

తలుపు తోసుకుని లోపలికి పోయింది. పిండి బస్తాల మధ్య స్టూలు మీద, మీసాల నిండా పిండితో బేకరీ ఆయన.

"ఆ ఏడు మీకెక్కడిదండీ?" అంది పిన్ని.

"రొట్టెలు సాయంత్రానికి గానీ రావండీ" అన్నాడాయన ఉలిక్కిపడి.

"రొట్టెల సంగతి తర్వాత. ఏడు, ఏడు! ఇదిగో, ఇదీ." పక్కనున్న బస్తా మీద తాళం వేసి చూపించింది. గదంతా పిండి లేచింది. ఇద్దరూ దగ్గడం అయ్యాక ఆయన చెప్పుకొచ్చాడు. అది వాళ్ళ తాత ఊరి పాటట. తాత ఈ పెట్టె ఒక్కటి వీపున వేసుకుని సముద్రాలు దాటి వచ్చాడట. అక్కడ కొండల్లో జనం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఆడతారట. ఒక బారెడు అడుగు, వెంటనే రెండు పొట్టి అడుగులు.

"మేం లెక్కపెట్టమండీ. ఆడేవాళ్ళ కాళ్ళు చూసి వాయించుకుంటూ పోతాం" అన్నాడు.

"మేం నోటితో లెక్కపెడతాం" అని పిన్ని ఆ లెక్క వినిపించింది. ఆయన మెట్ల మీద అందుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం పిన్ని రొట్టెల సంచి బదులు ఫిడేలు పెట్టె పట్టుకుని వెళ్ళింది.

మొదటి చిక్కు శ్రుతి దగ్గరే వచ్చింది. పిన్ని ఫిడేలు ఎప్పుడూ అక్క గొంతుకి బిగించి ఉండేది. అక్క గొంతేమో అకార్డియన్‌లో రెండు మెట్ల నడుమ సందులో ఉంది. ఆ పెట్టెలో స్వరం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, జరపడానికి లేదు. జరగాల్సింది పిన్నే. ఇంటికొచ్చి గది తలుపు వేసుకుని, దొంగతనం చేస్తున్నదానిలా బిరడాలు తిప్పి తీగలు కాస్త పైకి బిగించింది. పక్క గదిలో కునుకు తీస్తున్న అక్క చెవి ఊరుకుంటుందా! దబదబా వచ్చి గుమ్మంలో నిలబడి, తాళం మార్చి గబగబా చప్పట్లు కొట్టింది.

"మంచినీళ్ళా అక్కా?" అంది పిన్ని, ఏమీ ఎరగనట్టు.

అక్క ఇంకా గట్టిగా కొట్టింది.

"ఫ్యానా?"

అక్క చూపుడువేలు ఫిడేలు మీదికి తిరిగింది. పిన్ని ఇక దాచలేక ఉన్నమాట చెప్పేసింది. అంతా విని అక్క రెండు చేతులూ ఎత్తి, నాలుగు వైపుల నుంచీ బళ్ళు వచ్చి గుద్దుకుంటున్నట్టు అభినయించి, మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. నీది నాలుగు రోడ్ల కూడలి సంగీతం అని ఆవిడ ఉద్దేశం. ఆ మూతి తిప్పుడుకి పిన్నికి రెండు రోజులు అన్నం సయించలేదు, తీగలు మాత్రం దించలేదు.

మూడో మనిషి బస్సు డ్రైవరమ్మ. బేకరీ ఎదుటి స్టాపులో బండి ఆపి బన్ను కోసం దిగి, లోపలి పాట విని, బస్సు నిండా జనం ఉన్న సంగతే మరిచిపోయింది. వాళ్ళు హారన్ కొట్టి పిలిస్తే గానీ కదల్లేదు. సెలవు రోజున నడుముకి కట్టుకునే పెద్ద డోలు మోసుకొచ్చింది. వాళ్ళ అమ్మమ్మ దేశంలో పెళ్ళికూతుర్ని ఊరేగించేటప్పుడు వాయించే డోలట. "పిన్నీ, నాకూ కాస్త జాగా ఇవ్వండి" అని బస్తా జరిపి నిలబడింది.

ఆ మధ్యాహ్నాలు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. కొండల పాటలో స్వరాలు ఏరి చూస్తే పిన్నికి చిన్నప్పటి నుంచీ తెలిసిన రాగమే తొంగిచూసింది. ఆ రాగంలో ఉన్న ఊపునీ వణుకునీ ఫిడేలు మీద జారుడు వేళ్ళతో చూపిస్తే, బేకరీ ఆయన తిత్తిని వణికించి దగ్గరదగ్గర తెప్పించాడు. ఆయన పాటలో ఉన్న గంతుని పిన్ని కమానుకి నేర్పింది. డ్రైవరమ్మ డోలుకి పిన్ని నోటి లెక్కలు చెబితే, ఆవిడ వాటిని స్టాపుల పేర్లు పెట్టి గుర్తుపెట్టుకుంది. సాయంత్రం రొట్టెల వేళకి ముగ్గురూ పిండితో ముసలివాళ్ళై నవ్వుకుంటూ బయటికొచ్చేవారు.

బజారు చివర ఒక చిన్న హాలుంది. అందులో నెలకో శనివారం సాయంత్రం ఖాళీ అయిందని తెలిసి ముగ్గురూ వెళ్ళారు. హాలు మేనేజరమ్మ పిన్నిని ఎగాదిగా చూసి, "మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదే" అంది. పిన్ని నిట్టూర్చి పక్కకి తిరిగింది. "అయ్యో, మీరా!" అని మేనేజరమ్మ లేచి నిలబడి కుర్చీ వేయించింది. అయినా హాలు ఊరికే ఇవ్వనంది. ఆ శనివారాల కోసం పావురాలతో గారడీ చేసే ఆయన కూడా అడుగుతున్నాడట. ఇద్దరికీ చెరో సాయంత్రం ఇస్తాను, ఎవరి ఆటకి జనం మధ్యలో లేచిపోరో వాళ్ళకే అని తేల్చి చెప్పింది.

తీరా కచేరీకని పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిని వాయించబోతే అసలు జబ్బు బయటపడింది. గంతులతో మొదలైన పాట పోను పోను మెల్లగై, నడకై, పాకుడై, చివరికి జోలపాటలా తయారైంది. మళ్ళీ వాయించారు. మళ్ళీ అంతే. ఎవరూ తాళం తప్పడం లేదు, ఎవరూ అపస్వరం పలకడం లేదు. బండి మాత్రం ఆగిపోతోంది.

డ్రైవరమ్మ డోలు పుల్ల కింద పెట్టింది. "పిన్నీ, నాకు అర్థమైంది. ముగ్గురం కూడలి దగ్గర ఆగి, మీరు పదండంటే మీరు పదండని మర్యాద చేసుకుంటున్నాం. నేను మీకోసం చూస్తున్నా. మీరెవరికోసం చూస్తున్నారు?"

పిన్ని ఆలోచించింది. తను ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తోంది. అక్కడ అక్క లేదు. లేకపోయినా, అక్క పాడాల్సిన అర శ్వాసకి జాగా వదిలి, దాని వెనకే కమాను కదుపుతోంది. "మా అక్క కోసం" అంది సిగ్గుపడుతూ.

"నేను కాళ్ళ కోసమండీ" అన్నాడు బేకరీ ఆయన గొంతు తగ్గించి. "ఆడేవాళ్ళ కాళ్ళు కనబడకపోతే నాకు చెయ్యి ముందుకి పోదు."

"నాకు పెళ్ళికూతురు కావాలి" అంది డ్రైవరమ్మ. "ఆవిడ అడుగేస్తే నేను దెబ్బ వేస్తా."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ మూడు దేశాల విద్యలు తెచ్చారు గానీ, ముగ్గురిదీ పక్కవాద్యమే! ముందు నడిచేవాళ్ళని మాత్రం ఎవరూ తెచ్చుకోలేదు. ముందు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వాక భయం వేసింది.

చేయని వైద్యం లేదు. ఎదురుగా ఎవరో ఒకరు కూచుంటే బాగుంటుందని పిన్ని బావని బతిమాలి తీసుకొచ్చి బస్తా మీద కూచోబెట్టింది. "నేనేం చేయాలమ్మా?" అన్నాడాయన. "ఏం చేయొద్దు బావా, మాకు ఎదురుగా ఉండండి చాలు." బావకి ఒక గొప్పతనం ఉంది. అక్క కచేరీలు ఎన్ని జరిగాయో అన్నింటికీ వెళ్ళాడు, అన్నింట్లోనూ నిద్రపోయాడు. ఇక్కడా రెండో నిమిషంలోనే తల వాల్చి గురక పెట్టాడు. మరి కాసేపటికి చూస్తే, ముగ్గురూ బుద్ధిగా ఆ గురకని అనుసరించి వాయిస్తున్నారు. "చూశారా, ఒకళ్ళుంటే ఎంత బాగా కుదిరిందో!" అన్నాడు బేకరీ ఆయన సంబరంగా. డ్రైవరమ్మ తల పట్టుకుంది.

"మీరే ముందు నడవాలి పిన్నీ. పాట చెప్పేది ఫిడేలే" అంది చివరికి. పిన్ని సరేనంది. మొదలుపెట్టేటప్పుడు పళ్ళు బిగించి ముందే ఉండేది. నాలుగు వరసలు దాటేసరికి చెయ్యి తనంతట తను ఆ అర శ్వాస వెనక్కి జారుకునేది. ఎన్నేళ్ళ అలవాటు! అలవాటు కూడా కాదు, ఆవిడ చదువంతా అదే.

ఇంతలో డాక్టరు అక్క నోటికి విధించిన శిక్ష ఎత్తేశాడు. మూడు నెలల మౌనం తర్వాత అక్క మొదట ఏమంటుందోనని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. అక్క గొంతు సవరించుకుని, "ఆ ట్రాఫిక్కు ఇంకా నడుస్తోందా?" అంది.

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ గొంతు మళ్ళీ వినడం ఎంత ఆనందమో ఆవిడకే తెలుసు.

"ప్రస్తుతానికి సన్నగా ఒకటీ అరా పాడుకోవచ్చట. రెండు నెలల్లో కచేరీలు మొదలెడదాం. నీ సరదా తీరింది కదా, తీగలు దించి మన శ్రుతికి పెట్టు" అంది అక్క.

"నీ కచేరీకి నీ శ్రుతికే పెడతాను అక్కా. నా కచేరీకి నా శ్రుతికి పెట్టుకుంటాను."

బావ మంచినీళ్ళు తెస్తానని లేచిపోయాడు.

"నీ కచేరీనా?" అంది అక్క. "ఎదురుగా నేను లేకుండా నువ్వు ఒక్క పాట చివరిదాకా లాగగలవా? నా మీద ఒట్టేసి చెప్పు."

ముల్లు సరిగ్గా ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. లాగలేకపోతున్నానని పిన్ని ఎలా చెబుతుంది? "శనివారం వచ్చి చూడు" అంది మొండిగా. "ఆ హాలు మాకు దొరక్కపోతే ఇక ఈ ఊసెత్తను. తీగలు దించేసి, నువ్వు కూచోమన్నచోట కూచుంటాను."

"సరే, ఒట్టు" అంది అక్క.

శనివారం సాయంత్రం హాలు నిండింది. సగం మంది అక్క చెల్లెలు ఏం చేస్తుందో చూద్దామని, మిగతా సగం బేకరీ ఆయన కొన్నవాళ్ళందరికీ రొట్టెతో పాటు టికెట్టు కూడా అంటగట్టడం వల్ల వచ్చారు. మొదటి వరసలో అక్క, పక్కన బావ. ఆ చివర మేనేజరమ్మ. వెనక వరసలో, తన సాయంత్రం అప్పటికే అయిపోయిన గారడీ ఆయన, కోటు జేబులో ఏదో కదులుతుండగా.

వేదిక మీద ఒక పక్క డ్రైవరమ్మ నిలబడింది, వెనగ్గా స్టూలు మీద బేకరీ ఆయన. పిన్ని వచ్చి, అలవాటుగా పక్కకి తిరిగి, అలవాటైన చోట కూచుంది. మధ్యలో మైకు ముందు జాగా బావురుమంటోంది. "ఇంకెవరైనా రావాలాండీ?" అని మేనేజరమ్మ కింది నుంచి అడిగింది కూడా. పిన్ని లేదన్నట్టు తలూపి కమాను ఎత్తింది.

ఎత్తుగడ అదిరింది. జనం ముందుకి వంగారు. అకార్డియన్ అందుకుంది, డోలు అందుకుంది, కొండల పాట రాగంలోకి దూకి మళ్ళీ పైకి లేచింది. పిన్నికి నమ్మకం కుదిరింది. నమ్మకం కుదరగానే ఒళ్ళు తేలికైంది, ఒళ్ళు తేలికవగానే చెయ్యి పాత దారి పట్టింది. ఎదుటి ఖాళీలో ఎవరో పాడతారని అర శ్వాస ఆగింది. ఆవిడ ఆగింది కదా అని అకార్డియన్ ఆగింది, అది ఆగింది కదా అని డోలు ఆగింది. పాట నడుం వంగిపోతోంది. మేనేజరమ్మ చేతి గడియారం చూసుకుంది. వెనక ఎవరో కుర్చీ కింద చేతిసంచి వెతుక్కుంటున్నారు. పిన్ని ముందుకి పో, పో అని చేతికి చెబుతోంది. చెయ్యి వింటేనా!

అప్పుడు మొదటి వరసలో ఫట్‌మని చప్పుడైంది.

అక్క! తొడ మీద అరచేత్తో తాళం వేస్తోంది. తకిట తకధిమి, తకిట తకధిమి. హాలంతా వినబడేలా, ఇంట్లో బుద్ధి లేదని చెప్పినట్టే, ఒత్తి ఒత్తి కొడుతోంది. పిన్ని ప్రాణం లేచివచ్చింది. తల తిప్పి అక్క చేతిని పట్టుకుంది కళ్ళతో. పాట లేచి కూచుంది. బేకరీ ఆయన మీసాలు నవ్వాయి. చేతిసంచి వెతుక్కునేవాళ్ళు వెతకడం మానేశారు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకుంది పిన్ని. వెంటనే ఇంకో మాట కూడా తోచింది. అక్క అన్నదే నిజమైంది. అక్క లేకపోతే ఈ చెయ్యి కదలదు. హాలు దొరికినా ఇది నా కచేరీ ఎలా అవుతుంది?

సరిగ్గా అప్పుడే అక్క ఆపేసింది.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆపి, పిన్ని కళ్ళల్లోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచుంది. పెదాలు బిగించింది. పరీక్ష హాల్లో పక్కవాళ్ళకి చూపించకుండా కూచున్న బడిపిల్లలా ఉంది. ఆ చేతులు బయటికి రావాలని కొట్టుకుంటున్నాయి. అయినా తియ్యలేదు.

పిన్ని ఆ బిగించిన పెదాల వైపు చూసింది. ఆ నోరు ఇప్పుడు తెరుచుకుంటే ఏ వరస పాడుతుందో పిన్నికి తెలుసు. ఎప్పుడూ తెలుసు. ఇన్నేళ్ళూ అక్క పాడకముందే తెలిసి, నోరు నొక్కుకున్నట్టు కమాను నొక్కిపట్టి ఆగింది. ఇప్పుడు ఆగితే ఎవరి కోసం?

ఆగలేదు. ఫిడేలు గుండెకి ఆనించుకునే, కూచున్నచోటే మొత్తం మనిషి ఇటు తిరిగింది. జనం ఎదురుగా కనబడ్డారు. అబ్బ, ఎంతమంది! రెండు చెంపల మీదా లైటు పడింది. తెలిసిన ఆ వరసని ఎవరూ పాడకముందే వాయించేసింది. దాని తర్వాతది, ఆపైది, అక్క కూడా ఎప్పుడూ వెళ్ళని మలుపు ఒకటి. వెనక అకార్డియన్ పరుగెత్తుకొచ్చింది. "పదండి పిన్నీ, రోడ్డు ఖాళీ!" అని డ్రైవరమ్మ అరిచి డోలు మోగించింది. పాట ఇక ఎక్కడా ఆగలేదు. ఏడు అక్షరాల నడక పరుగై, పరుగు గంతై, పోను పోను వేగం హెచ్చి, వెనక వరసలో గారడీ ఆయన జేబులోంచి పావురం ఎగిరి వచ్చి మైకు మీద వాలింది. జనం అది కచేరీలో భాగమనుకున్నారు.

చివరి దెబ్బ పడగానే హాలు లేచి నిలబడింది. బావ కూడా నిలబడి ఈలవేశాడు. ఆయన కళ్ళు బాగా తెరుచుకుని ఉన్నాయి. కచేరీలో ఆయన్ని మెలకువగా చూడడం పిన్నికి అదే మొదలు. మేనేజరమ్మ చప్పట్లు కొడుతూనే గారడీ ఆయన దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. ఆయన తల ఊపి, పావురం ఇప్పించండి చాలన్నట్టు వేదిక వైపు చూపించాడు.

ఇంకోటి, ఇంకోటి అని జనం వదల్లేదు. పిన్ని వేదిక అంచుకి వచ్చి, "అక్కా, రా. డాక్టరు ఒక్కటి పాడుకోమన్నాడుగా" అంది.

"ఎక్కడ కూచోనే?" అంది అక్క మెట్లెక్కుతూ. ఈలోగా పిన్ని వెళ్ళి వేదిక మధ్యలో, మైకు ముందు కూచుంది. అక్క ఓసారి అటూ ఇటూ చూసింది. ఎప్పుడూ పిన్ని కూచునే చోటికి వెళ్ళి, పక్కకి తిరిగి మఠం వేసుకుంది. ఇప్పుడు జనానికి అక్క కుడి చెంప కనబడుతోంది.

"ఇదేమిటే, ఇక్కణ్ణుంచి చూస్తే నువ్వూ, మైకు గొట్టం తప్ప ఏమీ కనబడవు!" అంది గట్టిగానే. ముందు వరసలు నవ్వాయి.

"అంతే కనబడుతుంది అక్కా. నేను ముందు వాయిస్తాను, నువ్వు వెనక అందుకో. శ్రుతి కాస్త పైన ఉంటుంది, చూసుకో."

పిన్ని వరస ఎత్తుకుంది. అక్క సన్నగా గొంతు కలిపింది, కానీ ముందే దూకింది. పిన్ని కమాను మలుపు దగ్గరికి రాకముందే అక్క ఆ మలుపు తిరిగేసి అవతల నిలబడింది. పిన్ని ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. అక్క మళ్ళీ ముందే దూకింది. హాలంతా ఘొల్లుమంది. తన మీద నవ్వితే అగ్గి మీద గుగ్గిలమయ్యే అక్క, ఈసారి నవ్వనే లేదు, కోపమూ తెచ్చుకోలేదు. పిన్ని వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఒసేయ్, నువ్వు ఎటు పోతావో నాకు ముందే తెలిసిపోతోందే" అంది మెల్లగా, మైకుకి అందకుండా. "తెలిశాక ఆగలేకపోతున్నాను. నీకూ ఇలాగే తెలిసేదా?"

"తెలిసేది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"మరి ఇన్నేళ్ళూ ఎలా ఆగావే?"

"నువ్వు పాడుతుంటే బాగుంటుంది కదక్కా" అంది పిన్ని.

అక్క కళ్ళు నిండాయి. కొంగుతో గబుక్కున తుడుచుకుని, చెవి వెనక నిలవని పిన్ని జుట్టుపాయని చెయ్యి చాపి వెనక్కి దోపింది. తర్వాత రెండు చేతులూ మళ్ళీ తొడల కింద పెట్టుకుని నిటారుగా కూచుంది.

"ఊఁ, మళ్ళీ ఎత్తుకో" అంది. "ఈసారి ఆగుతాను."

పిన్ని కమాను ఎత్తింది. అక్క ఆగింది.